ఉద్యోగంలో చేరిన మేనకోడలికి, పాట గురించి

బిడ్డా,

"అత్తా, జీతం వస్తుంది, ఆఫీసు బాగానే ఉంది, కానీ ఖాళీ దొరికితే ఏం చెయ్యాలో తోచట్లే" అన్నవు చూడు, ఆ మాట నా మనసులోంచి పోవట్లే. మీ అమ్మకు చెప్తే కంగారు పడుతుందని నాకు చెప్పినవ్, మంచి పని చేసినవ్. ఫోన్లో చెప్దామంటే నీ బ్రేక్ అయిపోతుంది, అందుకే రాస్తున్న, తీరిగ్గా చదువుకో.

నీకేదో అయిందని మాత్రం అనుకోకు. ఉస్మానియాలో ఉన్నన్ని రోజులు నీ రోజును నువ్వు నడిపించలే, అదే నడిచింది. మెస్‌లో టిఫిన్ అయిపోతదని లేచేదానివి, తర్వాత క్లాసు, లైబ్రరీ, చాయ్, రాత్రి తిన్నాక హాస్టల్ మెట్ల మీద పాటలు, ఎవరూ రమ్మని పిలవకపోయినా అందరూ అక్కడే ఉండేటోళ్లు. ఒక్క గేటు లోపల అంతమంది ఉంటే అన్నీ వాటంతట అవే జరుగుతయ్. ఇప్పుడు అమీర్‌పేట పీజీలో నీ రూమ్‌లో ఒకామెది నైట్ షిఫ్టు, ఇంకొకామె పొద్దున ఆరింటికే క్యాబ్ ఎక్కుతది, ముగ్గురూ ఒకేసారి మెలకువగా ఉండేది ఆదివారం ఒక్కటే, అట్లాంటప్పుడు కూర్చుని పాడుకోవడం దానంతట అదే ఎట్ల జరుగుతది చెప్పు.

మెట్రోలో రాయదుర్గం దాకా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పాత పాటలే వింటున్నా, విన్నకొద్దీ ఇంకా బాధైతుంది అన్నవ్. అయితది మరి. నువ్వు హాస్టల్లో పాటలు విన్నదానివి కాదు, పాడినదానివి. నువ్వు పల్లవి ఎత్తుకుంటే ఇంకొకరు అందుకునేది, చరణం మర్చిపోతే వెనక నుంచి ఎవరో అందించేది, బకెట్ బోర్లేసి ఒక పిల్ల దరువు వేసేది. అదంతా పోయి చెవిలో రికార్డింగ్ ఒక్కటి మిగిలితే మనసుకెట్ల సరిపోతది? నా మాట విని ఆ ప్లేలిస్ట్ కొన్ని రోజులు పక్కన పెట్టు. డిలీట్ చెయ్యకు, ఊకే పక్కన పెట్టు. వినేది తగ్గించి గొంతు విప్పు, నేను చెప్పదల్చుకున్న అసలు సంగతి ఇదే.

ఎక్కడ పాడాలి అత్తా, పీజీలో పక్కోళ్లు తలుపు కొడతారు అంటవ్, తెలుసు. నీ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి కదా, పొద్దున్నంతా నీదే. పొద్దున్నే టెర్రస్ మీదికి పో, బట్టలు ఆరేసే టైమ్ కంటే ముందు అక్కడ ఎవరూ ఉండరు. ఫోన్లో తంబూరా యాప్ ఒకటి వేసుకో, ఫ్రీవి చాలా ఉన్నయ్. నీది చిన్నప్పుడు ఐదున్నర శ్రుతి, కానీ ఇన్ని నెలలు పాడకుండా ఉన్నవ్, పైగా రోజంతా మీటింగుల్లో మాట్లాడే గొంతు అది, కాబట్టి మొదట కొంచెం కిందికి, ఐదుకు పెట్టుకో. పాట జోలికి అప్పుడే పోకు. కాసేపు ఊకే "స" పట్టుకుని నిలబడు, గొంతు వణుకుతది, వణకనీ. తర్వాత మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి, మెల్లగ దిగు, ఎంతవరకు దిగితే అంతవరకే, అప్పుడు సరళీ వరసలు, అదే సంగీతంలో మొట్టమొదట నేర్పే స్వరాల పాఠాలు, మొదటి కాలంలో నిదానంగా, చేత్తో తాళం వేసుకుంటూ. పై స్థాయి రెండో వారంలో చూద్దువు. గొంతు గీసుకున్నట్టు అనిపిస్తే ఆపేయ్, గోరువెచ్చని నీళ్లు తాగు, ఆ రోజుకు చాలు. నిద్ర లేవంగనే ఫ్రిజ్ నీళ్లు తాగే అలవాటు ఉంది నీకు, అది మాత్రం మానెయ్ బిడ్డా, నా ముందే తాగుతవ్, నాకు ప్రాణం పోతది చూస్తుంటే.

సినిమా పాటలు పాడేదానికి సరళీ వరసలెందుకు అనుకుంటవేమో. కొత్త ఉద్యోగంలో రోజూ తెలియని పనే ఉంటది, ఎవరో ఒకరు తప్పు చూపిస్తనే ఉంటరు. అట్లాంటప్పుడు నీ చేతికి పూర్తిగా వచ్చిన పని ఒకటి రోజుకు ఒకసారైనా చెయ్యాలి, మనిషికి ధైర్యం వస్తది. ఏడో తరగతిలోనే నీకు అవి కంఠతా వచ్చు.

ఇంకొకటి, రేడియో. నవ్వకు. మా రోజుల్లో పాట అంటే గడియారం. ఆకాశవాణిలో భక్తిరంజని వస్తుందంటే స్టవ్ మీద పాలు పెట్టే టైమ్, వివిధ భారతిలో ఫలానా ప్రోగ్రాం అయిపోయిందంటే బస్సు పోతదని ఉరుకుడు. ఇప్పుడు ఫోన్లో ఏ పాటైనా ఏ టైమ్‌కైనా దొరుకుతది, మంచిదే, కానీ అందుకే పాటకంటూ ఒక వేళ లేకుండా పోయింది. నీకు మిస్సయ్యేది సగం ఆ వేళే. వివిధ భారతి ఇప్పటికీ 102.8 మీద వస్తది, లేదంటే ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో పెట్టుకో, స్నానం చేసి తల దువ్వుకునేటప్పుడు రోజూ అదే టైమ్‌కు. వాళ్లు ఏ పాట వేస్తే అది విను, మార్చకు. తెలియని పాటలు వస్తయ్, కొన్ని నచ్చవు, పర్లేదు, కొత్త పాటకు పాత జ్ఞాపకాలు అంటుకుని ఉండవు కాబట్టి అది నీకిప్పుడు మంచిది కూడా.

వారానికి ఒక్కరోజు మాత్రం మనుషుల మధ్య కూర్చుని పాట విను. ఈ ఊర్లో దానికి కరువు లేదు, అదృష్టం మనది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రాలు ఏదో ఒకటి నడుస్తనే ఉంటది, చాలావరకు టికెట్ ఉండదు, పోయి కూర్చోవడమే. ఠాగూర్ శతజయంతికి 1961లో కట్టిన రవీంద్రభారతి లక్డికాపూల్ దగ్గరే, అక్కడ కూడా బయట బోర్డు చూసుకుని పోవచ్చు. మీ వయసు పిల్లలు ఎక్కువుండాలంటే బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, చెట్టు కింద చాయ్ తాగుతూ కొత్తవాళ్లు పాడేది వినొచ్చు, నాకైతే ఆ జాగా చాలా ఇష్టం. పద్ధతిగా నేర్చుకోవాలి అనిపిస్తే రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు పో, ఏ కోర్సు ఉంది, నీ షిఫ్టుకు కుదిరే టైమ్ ఉందా అని ఆఫీసులో మనిషిని అడిగి కనుక్కో, వాట్సాప్ ఫార్వర్డ్ నమ్ముకోకు.

ఫ్రెండ్స్ సంగతి. గ్రూప్‌లో ఎవరూ మెసేజ్ పెట్టట్లే, అందరూ మారిపోయారు అన్నవ్. ఒకమ్మాయి బెంగళూరు, ఒకమ్మాయి డల్లాస్, అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి, అందరూ నీలాగే కొత్త చోట తంటాలు పడుతున్నరు. ఎనిమిది మందిని మళ్లీ ఒకచోట చేర్చాలని చూడకు, ఒక్కొక్కరితో విడివిడిగా ఉండు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న పిల్ల ఉంది కదా, బకెట్ మీద దరువేసేది, ముందు ఆమె దగ్గరికి పో. పొద్దున్నుంచి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుంటది, మా ఇంటికి దగ్గరే, నాకు ఒకటి రెండుసార్లు కనిపించింది, బాగా చిక్కిపోయింది. నీకు ఉద్యోగం వచ్చి తనకు రాలేదని తనంతట తాను ఫోన్ చెయ్యదు, మొహమాటం. మాల్‌కు, పెద్ద హోటల్‌కు రమ్మనకు, బిల్లు నువ్వు కడితే ఆమెకు బాధ, తను కడితే భారం. లైబ్రరీ బయట బండి దగ్గర చాయ్ తాగండి, నోటిఫికేషన్ ఎప్పుడు అని అడగకు, ఆఫీసు ముచ్చట ఎక్కువ చెప్పకు.

క్యాంపస్‌కు పో, పోవద్దని నేను చెప్పను. 1939లో కట్టడం పూర్తయిన ఆ ఆర్ట్స్ కాలేజ్ బిల్డింగ్ ఎక్కడికీ పోదు. కాకపోతే రాత్రిపూట హాస్టల్ దగ్గరికి పోకు, మీ మెట్ల మీద వేరే పిల్లలు కూర్చుని పాడుకుంటుంటరు, నువ్వు దూరంగా నిలబడి చూస్తే మనసు చెడిపోతది. తెల్లారి వాకింగ్‌కు పో, ఊర్లోవాళ్లంతా వస్తరు, చెట్లుంటయ్, గాలుంటది. అమీర్‌పేట నుంచి తార్నాకకు మెట్రో మారే పని కూడా లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్న. బెంగగా ఉండడం వేరు, ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, పొద్దున లేవాలనే అనిపించకపోవడం వేరు. అట్ల ఉంటే నా దగ్గర దాచకు, డాక్టర్ దగ్గరికి ఇద్దరం పోదాం. నాతో చెప్పలేకపోతే మనసు బాగాలేనోళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్, టెలి మానస్ 14416 కు ఫోన్ చెయ్, గవర్నమెంటుదే, పైసలు అడగరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ ఆదివారం మా ఇంటికి రా. పరేడ్ గ్రౌండ్ దగ్గర గ్రీన్ లైన్‌కు మారి చిక్కడపల్లిలో దిగు, మీ మామయ్య స్టేషన్‌కు వస్తరు. ఆ లైబ్రరీ పిల్లను కూడా తీసుకురా, పప్పుచారు, బెండకాయ వేపుడు చేస్తా, మొహమాటపడితే అత్త పిలిచింది అని చెప్పు. అటక మీది హార్మోనియం దింపించి తుడిపించిన, గాలి కొట్టే బెలోస్ బాగానే ఉన్నయ్ కానీ మధ్య స్థాయిలో ఒక మెట్టు పలకట్లే, నువ్వొచ్చి చూస్తే సుల్తాన్ బజార్‌కు రిపేరుకు తీసుకుపోవాల్నా వద్దా తెలుస్తది.

మీ అత్త