క్యాప్సికం కూర తిన్న రాత్రల్లా గుండెల్లో మంట... మానిపించాలా?

ప్రశ్న: మా వారికి 52 ఏళ్లు. బీపీకి మాత్ర వాడుతున్నారు. ఏడాదిగా గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. ఆయనకు క్యాప్సికం అంటే ప్రాణం. పల్లీలు, నువ్వులు, కారం దట్టించి గుత్తికూరలా చేస్తే రెండు పూటలా అదే తింటారు. ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు. క్యాప్సికం కూడా మిరప జాతే కాబట్టి అల్సర్ వస్తుందని మా ఆడపడుచు అంటోంది. మానిపించాలా? ఎర్రవి, పసుపువి ఇంకా మంచివంటారు, నిజమేనా? అన్నట్టు, మోకాలి నొప్పికి అప్పుడప్పుడు మందుల షాపులో అడిగి మాత్ర తెచ్చి వేసుకుంటారు. – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు చివర్లో ‘అన్నట్టు’ అని రాసిన ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. క్యాప్సికం సంగతి తర్వాత, ముందు ఆ మోకాలి నొప్పి మాత్ర స్ట్రిప్ వెనక ఏం రాసి ఉందో చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి పేర్లు కనిపిస్తే (పారాసెటమాల్‌తో కలిపి కూడా వస్తాయి, కాబట్టి పెద్ద అక్షరాలు చూసి వదిలేయకండి) అది ఆపించి డాక్టర్‌కి చూపించండి. కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడే రక్షణను ఈ మందులు తగ్గిస్తాయి. పైగా బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీల మీద భారం వేస్తాయి. మీ వారి విషయంలో నాకు టెన్షన్ పెట్టేది కూర కంటే ఇదే.

అల్సర్‌కి ముఖ్య కారణాలు రెండు. ఒకటి ఈ నొప్పి మాత్రలు, రెండోది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. కారం, టెన్షన్ వల్లే అల్సర్ వస్తుందని డాక్టర్లు కూడా చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బ్యాక్టీరియా సంగతి బయటపెట్టారు, మార్షల్ గారైతే 1984లో ఆ బ్యాక్టీరియాని స్వయంగా తాగి మరీ జబ్బు తెచ్చుకున్నాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కాబట్టి మీ ఆడపడుచు గారి మాట పాతకాలపుది. కారం అల్సర్‌ని పుట్టించదు, కానీ ఉన్న పుండుని, ఒరిసిన అన్నవాహికని మండిస్తుంది. ఆ తేడా ముఖ్యం.

ఇక క్యాప్సికం. మిరప జాతే, ఒప్పుకుంటాను. కానీ మిరపకాయకి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ మామూలు క్యాప్సికంలో దాదాపు ఉండదు, ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో దానికి సున్నా. మీ కూరలో మంట ఎక్కడిదంటే మీరు దట్టించిన కారంది. ఆ కారానికి పల్లీల నూనె, నువ్వుల నూనె, వేయించిన నూనె తోడయ్యాయి. కొవ్వు ఎక్కువైతే కడుపు తొందరగా ఖాళీ అవదు, అన్నవాహిక కింద తలుపులాంటి కండరం కూడా వదులవుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకి కడుపు నిండా తిని పదింటికి పడుకుంటే లోపలి యాసిడ్ ఎటు పోతుంది చెప్పండి, పైకే.

క్యాప్సికం వైపు నుంచి కూడా చిన్న తప్పు లేకపోలేదు. దాని తొక్క మందం, కొందరికి సరిగ్గా అరగదు, గంటల తరబడి అదే వాసనతో తేన్పులు వస్తాయి. అలాంటివాళ్లు స్టవ్ మంట మీద వంకాయ కాల్చినట్టు కాల్చి తొక్క తీసేసి వండుకుంటే చాలావరకు పోతుంది.

మరి ఎలా వండాలి? గుత్తికూర నెలకోసారి, అదీ మధ్యాహ్నం పెట్టండి. మామూలు రోజుల్లో రెండు చెంచాల నూనెలో జీలకర్ర వేసి, పసుపు, క్యాప్సికం ముక్కలు వేసి మూత పెట్టి మగ్గనిచ్చి, దించే ముందు దోరగా వేయించిన సెనగపిండి ఒక చెంచా, ధనియాల పొడి చల్లండి. కారం మొత్తం కూరకి అర చెంచా చాలు. కారం తగ్గిందని ఉప్పు పెంచేయకండి, బీపీ మనిషికి రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక టీ చెంచా, పచ్చళ్లు, అప్పడాల్లోది కూడా లెక్కలోకే. ఘాటుగా అనిపిస్తే నీళ్లు తాగి లాభం లేదు, క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పెరుగు కలుపుకుంటే తగ్గుతుంది. ఇంత చేసినా మంట వస్తే రెండు వారాలు క్యాప్సికం పూర్తిగా ఆపి, మళ్లీ తక్కువగా మొదలుపెట్టి చూడండి. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా ఉంటుంది, ఉల్లి, టమాటా కూడా కొందరికి పడవు.

పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం అయిపోవాలి. తల వైపు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి అర అడుగు ఎత్తండి. రెండు దిండ్లు పెట్టుకుంటే మెడ నొప్పి తప్ప ప్రయోజనం ఉండదు. పాంటోప్రజోల్ లాంటి మాత్ర షాపులో అడిగి నెలల తరబడి మింగకండి, డాక్టర్ రాసిస్తే టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి.

ఏడాదిగా ఉందన్నారు కాబట్టి ఒకసారి గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించండి, అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు, బ్యాక్టీరియా పరీక్ష కూడా. నల్లటి జిగట విరేచనం, రక్తపు వాంతి కనిపిస్తే మాత్రం అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆలస్యం చేయకండి. ఇంకోటి, 52 ఏళ్లు, బీపీ ఉన్న మనిషికి మెట్లెక్కినప్పుడు మంట వచ్చినా, చెమటలు పట్టి చేతికో దవడకో లాగినా దాన్ని గ్యాస్ అనుకోకండి. ముందు ఈసీజీ తీయించండి.

రంగుల సంగతి అడిగారు. ఎర్రది బాగా పండినది, పచ్చది పచ్చికాయ, అంతే. 100 గ్రాముల పచ్చి ముక్కల్లో విటమిన్ సి పచ్చదాంట్లో సుమారు 80 మిల్లీగ్రాములైతే, ఎర్రదాంట్లో 120 పైనే. మన రోజు అవసరం 65 నుంచి 80, కాబట్టి పచ్చది కూడా తక్కువదేం కాదు. నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విటమిన్ అందులోనే పోతుంది, మగ్గించడమే నయం. ఎర్రవాటికి మూడింతలు పెట్టి కొనాల్సిన పని లేదు.