యూదులు స్థాపించిన విశ్వవిద్యాలయానికి అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో న్యూరోసైన్స్ డిగ్రీకి సీటు వచ్చింది. ఫీజులో కొంత స్కాలర్‌షిప్ కూడా ఇస్తామన్నారు. అది యూదుల విశ్వవిద్యాలయమనీ, మన పిల్లలు అక్కడ ఒంటరివాళ్లవుతారనీ బంధువులు అంటున్నారు. మేము శాకాహారులం. పంపవచ్చా? అక్కడి యూదు విద్యార్థుల కార్యక్రమాలలో అమ్మాయి పాల్గొనవచ్చా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: నిస్సంకోచంగా పంపవచ్చునమ్మా. బోస్టన్ సమీపంలోని వాల్థమ్ పట్టణంలో 1948లో అమెరికన్ యూదులు ఈ విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన మాట నిజమే. అమెరికాలోని పేరున్న కళాశాలలు ఆ రోజుల్లో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితులు పెట్టేవి. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ అటువంటి కోటాను బహిరంగంగానే ప్రతిపాదించారు. ఆ అవమానాన్ని అనుభవించిన సమాజం తాను కట్టిన విద్యాసంస్థను మొదటి నుంచీ అన్ని మతాల వారికీ తెరిచి ఉంచింది. ఆవరణలో యూదులకు, కాథలిక్కులకు, ప్రొటెస్టంట్లకు మూడు ప్రార్థనామందిరాలు ఉన్నాయి. ఒకదాని నీడ మరొకదానిపై పడని విధంగా వాటిని నిర్మించారు. మన దేశపు విద్యార్థులకు నేరుగా సంబంధించిన సంగతి మరొకటి ఉంది: కుల వివక్షను నిషేధిస్తూ 2019లో తన నిబంధనలలో స్పష్టంగా రాసుకున్న తొలి అమెరికన్ విశ్వవిద్యాలయం ఇదే.

మతం మార్చుకోమంటారేమోనన్న దిగులు ఎంతమాత్రం అక్కరలేదు. ఇతరులను తమ మతంలోకి చేర్చుకునేందుకు ప్రచారం చేయడం యూదు సంప్రదాయంలో లేదు.

ఇక అక్కడి విద్యార్థి జీవితం సంగతి. అమెరికన్ కళాశాలల్లో యూదు విద్యార్థుల ప్రధాన సంస్థ హిల్లెల్; 1923లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలై ఇప్పుడు వందల ప్రాంగణాలకు విస్తరించింది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేవరకు షబ్బాత్, అంటే వారి విశ్రాంతి దినం. ఆ శుక్రవారం సాయంత్రం ఆచారాలను కచ్చితంగా పాటించేవారు, కొంత సడలింపుతో పాటించేవారు విడివిడిగా ప్రార్థించుకొని, ఆ తరువాత కలిసి భోజనానికి కూర్చుంటారు. ఆ భోజనానికి యూదులు కాని స్నేహితులనూ ఆదరంగా పిలుస్తారు. ఒకే మతంలోని భిన్నాభిప్రాయాలను దాచకుండా, విడిపోకుండా ఎలా కలిసి ఉండవచ్చో పద్దెనిమిదేళ్ల వయసులో దగ్గరగా చూడడం గొప్ప చదువని నేను గట్టిగా నమ్ముతాను. కాబట్టి పిలిస్తే వెళ్లమనండి. నియమనిష్ఠలు గల యూదులు షబ్బాత్ వేళ ఫోన్ ముట్టరు, రాయరు, ఫొటోలు తీయరు. అతిథిగా వెళ్లినప్పుడు ఆ మర్యాదను మన అమ్మాయి కూడా పాటించాలి. నలుగురు కలిసి చేయవలసిన ప్రాజెక్టు పనిని శనివారానికి పెట్టకుండా ముందే మాట్లాడుకుంటే సహాధ్యాయులు సంతోషిస్తారు.

భోజనం విషయంలో ఒక పొరపాటు జరగకుండా చూసుకోవాలి. యూదుల ఆహార నియమాల ప్రకారం వండే కోషర్ భోజనం అంటే శాకాహారమని కొందరు అనుకుంటారు. నిజానికి పంది మాంసం, రొయ్యల వంటివి నిషిద్ధం; అనుమతించిన మాంసాన్ని పాలతో, పెరుగుతో, నెయ్యితో ఎన్నడూ కలపరు. అందువల్ల పాల పదార్థాల వంటకు వేరే పాత్రలు ఉంటాయి, అందులో మాంసం పడే భయం ఉండదు. అయితే చేపలు, గుడ్లు అక్కడా ఉండవచ్చు కనుక ప్రతిసారీ అడిగి తెలుసుకోవాలి. వసంతకాలంలో వచ్చే పాసోవర్ పండుగ రోజుల్లో కోషర్ విభాగంలో రొట్టె దొరకదు, చాలా మంది అన్నం, పప్పు కూడా మానేస్తారు. ఆ వారం అమ్మాయి మామూలు భోజనశాలలోని శాకాహార విభాగానికి వెళితే సరిపోతుంది.

ఇవన్నీ ఉద్యోగానికి పనికివస్తాయా అని మీరు నేరుగా అడగకపోయినా, చెప్పడం నా బాధ్యత. పది సంఘాలలో పేరు నమోదు చేసుకుంటే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒకే చోట రెండు మూడేళ్లు నిలకడగా పనిచేసి, ఏ బాధ్యత మోసిందో, ఎవరికి ఏమి మేలు జరిగిందో చెప్పగలగాలి. బ్రాండైస్‌లో 1966 నుంచి వాల్థమ్ గ్రూప్ అనే విద్యార్థి సేవాసంస్థ ఉంది. ఏ మతానికీ చెందని ఈ సంస్థ విద్యార్థులు పట్టణంలోని పిల్లలకు చదువు చెప్పడం వంటి పనులు చేస్తారు. అమ్మాయి అందులో చేరితే స్థానిక కుటుంబాలతో మాట్లాడే అలవాటు ఏర్పడుతుంది. అయినా మొదటి స్థానం ప్రయోగశాలదే. జీవగడియారంపై, అంటే శరీరంలో నిద్ర, మెలకువ వేళలను నడిపే వ్యవస్థపై పరిశోధనకు 2017లో నోబెల్ పొందిన జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్ ఆ పని చేసింది ఇక్కడే. మొదటి సంవత్సరం నుంచే ప్రొఫెసర్లను కలిసి ప్రయోగశాలలో అవకాశం అడగాలి.

గాజా యుద్ధం మొదలైన తరువాత అమెరికన్ ప్రాంగణాలు ఉద్రిక్తంగా మారాయి. 2023 నవంబరులో బ్రాండైస్ ఒక పాలస్తీనా అనుకూల విద్యార్థి సంఘానికి గుర్తింపు రద్దు చేసింది, నిరసనలో అరెస్టులూ జరిగాయి. యూదు విద్యార్థులందరిదీ ఒకే అభిప్రాయమని అనుకోవద్దని, ఎవరి బాధనూ తేలిక చేయవద్దని అమ్మాయికి చెప్పండి. అభిప్రాయం ఆమె సొంతం. అయితే విద్యార్థి వీసాపై ఉన్నవారికి అరెస్టు వల్ల కలిగే నష్టం పౌరులకు కలిగేదానికంటే చాలా పెద్దది కనుక, ఏ నిరసనలోనైనా పాల్గొనే ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించాలి.

మీరు ఇప్పుడు ఆందోళన పడవలసింది మతం గురించి కాదు, ఖర్చు గురించి. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ కొనసాగుతుందా, అందుకు ఎన్ని మార్కులు నిలబెట్టుకోవాలి, ఏటా ఫీజు పెరిగితే ఆ మొత్తం కూడా పెరుగుతుందా అనే మూడు ప్రశ్నలకు అడ్మిషన్ల కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకొని, ఆ తరువాతే డబ్బు కట్టండి.