అరుగు పోయి స్టిల్టు వచ్చాక: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో మాది తాతల నాటి మద్రాసు టెర్రస్ మేడ. కారుతోందని నాలుగేళ్ల క్రితం పైన రెండంగుళాల సిమెంటు గచ్చు వేయించాం. ఇప్పుడు ఇంకా ఎక్కువ కారుతోంది, ఒక దూలం వంగింది. పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టమంటున్నారు. బాగుచేసే వీలుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: దూలాల చివర్లు చూస్తేనే తేలుతుంది. మీ కప్పులో మూరెడు ఎడంలో టేకు దూలాలు, వాటి మీద సన్నటి చిన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసల్లో ఉంటాయి. ఆపైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం మూడు నాలుగంగుళాలు పోసి దిమ్మిసలతో కొట్టేవాళ్లు. అన్నిటికీ పైన పలుచటి పెంకు బిళ్లలు. సున్నం తడి పీలుస్తుంది, ఎండ కాస్తే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మూత వేశారు. సిమెంటు మన ఎండకు చీలింది, ఆ చీలికలో దిగిన నీటికి పైకి ఆరే దారి లేక దూలం చివర్లకు చేరింది. పైగా 12×15 అడుగుల గది మీద రెండంగుళాల గచ్చంటే సుమారు 1,800 కిలోల అదనపు బరువు.

ముందుగా వంగిన దూలం కింద సరుగుడు కర్రలు గానీ ఇనుప జాకీలు గానీ నిలబెట్టండి. తర్వాత ప్రతి దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడాలి. మంచి టేకులో మొన మాత్రమే గుచ్చుకుంటుంది. అరంగుళం దిగబడితే అది పుచ్చినట్టే. మధ్యలో నిగనిగలాడుతున్న దూలాన్ని చూసి మోసపోవద్దు, చావంతా గోడలో ఉంటుంది. పుచ్చినవి రెండు మూడైతే, ఆ ముక్క కోసి, రెండు పక్కలా ఇనుప ఛానెళ్లు బోల్టులతో బిగించి గోడ మీదకు కూర్చోబెట్టవచ్చు. దూలం కొస చుట్టూ సిమెంటు కూరొద్దు, గాలి ఆడే సందు ఉండాలి. సగానికి సగం పుచ్చితే కప్పు మాత్రం దించి, గోడలు ఉంచుకోండి.

సిమెంటు గచ్చును ఉలితో, చేత్తోనే తీయించాలి. బ్రేకర్ మిషన్ పెడితే కింది ఇటుకలు కదులుతాయి. పగుళ్లను అరంగుళం వెడల్పు చేసి, కడిగి, తడిపి, ఒక పాలు జల్లెడ పట్టిన తడిసున్నానికి రెండు పాళ్లు సుర్కీ (ఇటుక పొడి) కలిపి నింపండి. గోనెపట్టాలు కప్పి పదిరోజులు తడుపుతూ ఉండాలి. ఈ పని చైత్రం ఎండలో పెట్టుకుంటే ఆరకముందే పగులుతుంది. సంక్రాంతి వెళ్లగానే మొదలెట్టండి.

పడగొట్టే ముందు ఇంకో లెక్క. పాత మేడ వీధి అంచుదాకా ఉంది. కొత్త ప్లానుకు వదలాల్సిన జాగా, రోడ్డు విస్తరణకు పోయేది తీసేస్తే ఎన్ని గజాలు మిగులుతాయో లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో గీయించండి. ఇరుకు సందుల్లో చాలామందికి కూల్చాకే ఇది తెలుస్తుంది.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో 200 గజాలు డెవలప్‌మెంటుకి ఇస్తున్నాం. స్టిల్టు (గోడలు లేకుండా స్తంభాలే ఉండే పార్కింగు అంతస్తు) మీద కడతాం కాబట్టి వరద భయం లేదంటున్నాడు బిల్డరు. పడమటి ముఖానికి అద్దాలు, ఏసీపీ షీట్లు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలకలు) వేస్తాడట.
– ఒక పాఠకుడు

జవాబు: ఇళ్లలోకి నీళ్లు రాకపోవచ్చు. కానీ మీటర్లు, మోటారు స్టార్టరు, జనరేటరు, లిఫ్టు గుంట, సంపు అన్నీ కిందే ఉంటాయి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద నీళ్ల మరక మీ గోడ మీద ఇంకా ఉంటే కూల్చకముందే కొలవండి. మీటర్ల ప్యానెల్, సంపు నోరు అంతకంటే రెండడుగులు పైన ఉండాలని అగ్రిమెంటులో రాయించండి. స్టిల్టుకు గోడలుండవు గనుక భూమి ఊగితే ముందు వంగేది ఆ స్తంభాలే. 2016 నాటి ప్రమాణంలో విజయవాడ మూడో భూకంప జోన్‌లో ఉంది, అంటే మధ్యస్థ ప్రమాదం. స్తంభం పైనా కిందా చివర్లలో రింగుల (నిలువు కడ్డీలను చుట్టి కట్టే ఇనుప చుట్ల) ఎడం నాలుగంగుళాలు మించొద్దు, రింగు కొక్కెం 135 డిగ్రీలు లోపలికి వంచాలి. 90 డిగ్రీల కొక్కెం కుదుపుకు విచ్చుకుంటుంది. కాంక్రీటు పోశాక కనబడదు, అందుకే పోసేముందు ఫోటో తీసుకోండి.

అద్దాల సంగతి. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 34 డిగ్రీల ఎత్తున ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ అప్పుడు ఇచ్చే నీడ అడుగున్నర కూడా ఉండదు, నాలుగడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే. పడమటికి నాలుగడుగుల బాల్కనీ, దాని అంచున తడిక వేలాడదీసే కొక్కేలు అడగండి. మన పాత వసారా చేసింది ఇదే పని. ఏసీపీ తప్పదంటే మినరల్ కోర్ రకమే వేయించండి. మామూలు షీట్ల మధ్యనుండే ప్లాస్టిక్ నిప్పంటుకుంటే పై అంతస్తులకు పాకుతుంది. షీటుకీ గోడకీ మధ్య సందు మూయకపోతే పావురాలు కాపురం పెడతాయి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, గడప రోడ్డుకంటే అడుగు పల్లమైంది. గచ్చు ఎత్తు చేస్తే చాలా?
– ఒక పాఠకుడు

జవాబు: రోడ్డుకంటే అరడుగు ఎత్తు ఉండేలా గచ్చు అడుగున్నర లేపితే ఏడడుగుల గుమ్మం అయిదున్నర అవుతుంది, లింటెళ్లు (గుమ్మాల పై దూలాలు) కూడా పగలగొట్టాలి. ఆ ఖర్చును జాకీలతో ఇల్లు లేపే వాళ్ల ఎస్టిమేట్‌తో పోల్చండి. గోడల్లో పెద్ద బీటలుంటే మాత్రం జాకీల జోలికి పోవద్దు. గచ్చే లేపదలిస్తే నల్లమట్టి పోయించకండి. అది తడికి ఉబ్బి, ఎండకు కుంగి టైల్స్ లేపేస్తుంది. గ్రావెల్‌ని ఆరంగుళాల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించండి. బాత్రూం గొట్టం వీధి కాలువలో కలిసేచోట నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించండి. లేకపోతే గడపలో ఆగిన నీళ్లు బాత్రూంలోంచి వస్తాయి.