ఎన్నారై సందేహాలు: సంక్రాంతికి బెజవాడ వెళ్తే డైట్ సంగతేంటి?

ప్రశ్న: అక్కా, మాది బెజవాడ పటమట. ఎమ్మెస్ అయ్యాక డాలస్‌లోనే ఉద్యోగం. వచ్చినప్పుడు 68 కిలోలున్నవాణ్ణి 86కి చేరాను. జిమ్‌లో బరువులెత్తుతూ, తిండి తూకం వేసుకుని తింటూ ఇప్పుడు 80కి దిగాను. జనవరిలో నెల రోజులు ఇంటికి వెళ్తున్నా. అరిసెలు, నెయ్యి, చుట్టాల ఇళ్లు తలుచుకుంటే మళ్లీ మొదటికొస్తానేమోనని భయంగా ఉంది. మా రూమ్మేట్ అన్నం పూర్తిగా మానేయమంటున్నాడు.

జవాబు: రూమ్మేట్ మాట పక్కన పెట్టు, అబ్బాయ్. అన్నం మానేసి బెజవాడలో నెల గడపడం అయ్యే పని కాదు, ఆ అవసరమూ లేదు. నువ్వు చేస్తున్న ఫ్లెక్సిబుల్ డైటింగ్‌లో నిషిద్ధమంటూ ఏ పదార్థమూ లేదు. రోజుకి ఇన్ని కేలరీలు, అందులో ఇంత ప్రోటీన్ అని గీత గీసుకున్నాక, ఆ గీత లోపల అరిసె తిన్నావా యాపిల్ తిన్నావా అన్నది కొవ్వు తగ్గడానికి పెద్ద లెక్కలోకి రాదు. కడుపు నిండటానికి మాత్రం వస్తుంది. మూడు అరిసెలు తిని సాయంత్రం దాకా ఉండి చూడు, నీకే తెలుస్తుంది.

కొత్తగా విమానం దిగినవాళ్లూ ఇది చదువుతారు కాబట్టి నీ బరువు మీదే లెక్క చెప్తా. 80 కిలోల మనిషి, కుర్చీ ఉద్యోగం, వారానికి నాలుగు రోజులు జిమ్ అంటే రోజుకి సుమారు 2,400 కేలరీలతో బరువు నిలకడగా ఉంటుంది. అందులో 450 కోస్తే 1,950. ప్రోటీన్ కిలోకి 1.6 గ్రాముల చొప్పున 130 గ్రాములు, కొవ్వు 55 గ్రాములు, మిగిలిందంతా కార్బోహైడ్రేట్లు, దాదాపు 235 గ్రాములు. ప్రోటీన్‌కీ కార్బోహైడ్రేట్లకీ గ్రాముకి 4 కేలరీలు, కొవ్వుకి 9. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే 7,700 కేలరీల లోటు పడాలి, అంటే రోజుకి 450 చొప్పున పదిహేడు రోజుల పైమాట. ఇదంతా కాగితం మీద లెక్కే. రెండు మూడు వారాల సగటు బరువు చూసుకుని 100 అటో ఇటో సర్దుకోవాలి.

ఇక 235 గ్రాముల కార్బోహైడ్రేట్లలో అన్నానికి చోటుందా? 150 గ్రాముల బియ్యం వండితే 118 గ్రాములు, సగం కోటా. వండాక అది నాలుగు వందల గ్రాముల పైనే తూగుతుంది. రెండు పూటలా తినొచ్చు. కాకపోతే బియ్యంగా ఉన్నప్పుడే తూచుకోవాలి, ఎందుకంటే అన్నంలో నీళ్లు ఎసరుని బట్టి మారిపోతాయి.

మనవాళ్లు అన్నాన్ని ఆడిపోసుకుంటారు గానీ, గిన్నెలో కేలరీల అసలు భారం నూనెది. టేబుల్‌స్పూను నూనె 14 గ్రాములు, 120 కేలరీలు. నలుగురు కుర్రాళ్లు వంతులేసుకుని వండుకునే అపార్ట్‌మెంట్‌లో గుత్తివంకాయకి నూనె ఎవడి చేతివాటం వాడిది. సీసాని వంటకి ముందోసారి, తర్వాతోసారి కాటా మీద పెట్టండి. 60 గ్రాములు తగ్గిందనుకో, 540 కేలరీలు, నలుగురికీ పంచితే తలా 135. గొడవా లేదు, ఊహాగానాలూ లేవు. పప్పు విషయంలోనూ మనకి భ్రమ ఎక్కువ. 50 గ్రాముల కందిపప్పులో ప్రోటీన్ 11 గ్రాములే, కార్బోహైడ్రేట్లు దానికి రెట్టింపు పైన. పప్పు మంచిదే, కానీ 130 గ్రాములు అందించే సత్తా దానికి లేదు. మన పదార్థాల వివరాలు అమెరికా యాప్‌లలో తప్పుల తడకగా ఉంటాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారత ఆహార పట్టికలు చూసుకోండి.

ఇప్పుడు బెజవాడ సంగతి. నా సలహా ఒకటే: ఆ నెల తగ్గాలని చూడకు. పెరగకుండా ఉంటే చాలు. కేలరీలు మళ్లీ 2,400కి తీసుకెళ్లు. రోజూ కోసుకుంటున్న ఆ 450 ఇప్పుడు నీ చేతిలో ఉన్నాయి, నెయ్యికీ అరిసెకీ అవే ఖర్చు. నెలల తరబడి కోత పెట్టిన ఒంటికి ఈ విరామం మంచిదే. లోటు కొనసాగిస్తానని పంతం పట్టి, నాలుగో రోజు విసుగొచ్చి, మిగతా ఇరవై ఆరు రోజులూ గేట్లెత్తేసినవాళ్లని చాలామందిని చూశాను.

అమ్మ వంటింట్లోకి కాటా పట్టుకెళ్లకు. కొడుకు తన చేతి వంటని గ్రాముల్లో కొలుస్తుంటే ఏ తల్లికీ బాగుండదు. కొలత బదులు వడ్డన మార్చుకో. కూర రెండింతలు, అన్నం సగం. రొయ్యల ఇగురు అడిగి చేయించుకో. పచ్చి రొయ్యలు 100 గ్రాములకి 20 గ్రాముల దాకా ప్రోటీన్, కొవ్వు నామమాత్రం. కొరమీను, నాటుకోడి కూడా మంచివే. ముక్కలు ఎక్కువ, పైన తేలే నూనె తక్కువ వేసుకో. టిఫిన్లలో మెరుగైంది పెసరట్టు. 60 గ్రాముల పెసలతో పోసిన అట్టులో 14 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. లోపల ఉప్మా వద్దంటే అమ్మ ఏమీ అనుకోదు, పక్కన రెండు ఉడికించిన గుడ్లు తింటే ఇంకో 12 గ్రాములు. గాంధీనగర్ వెళ్లి వెన్న వేసిన ఇడ్లీ తింటావు, తిను. ఇడ్లీ తేలికే, 20 గ్రాముల వెన్న మాత్రం 140 కేలరీల పైన. ఉలవచారు కూడా ఉలవల ప్రోటీనే కదా అని సరిపెట్టుకునేవాళ్లున్నారు. అది కషాయం, పైన పోసేది మీగడ. రుచి కోసమని ఒప్పుకుని తింటే సరి.

డాలస్‌లో దొరకని వాటికే కేలరీలు ఖర్చుపెట్టు. పెద్దమ్మ చేసిన అరిసె తిను. చుట్టాలింట్లో పళ్లెంలో పెట్టిచ్చే బిస్కెట్లు, కూల్‌డ్రింకు, బందరు రోడ్డు మీద ఫ్రైడ్‌రైస్ నీకు అక్కడా ఉన్నాయి. "చిక్కిపోయావేంట్రా, అక్కడ తిండి పెట్టట్లేదా" అని అందరూ అంటారు. దానికి డైట్ పాఠం చెప్పకు. నవ్వి, మజ్జిగ అడుగు.

దిగిన వారానికి కాటా మీద రెండు కిలోలు ఎక్కువ కనిపిస్తే గుండె బాదుకోకు. ఆవకాయ ఉప్పు, ప్రయాణం, పెరిగిన అన్నం, అన్నీ నీళ్లని పట్టి ఉంచుతాయి. ఒళ్లు కండల్లో దాచుకునే కార్బోహైడ్రేట్ నిల్వ, అంటే గ్లైకోజెన్, ఒక్కో గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీటిని వెంట ఉంచుకుంటుంది. ఆ నెల బరువు కన్నా బొడ్డు దగ్గర టేపు నమ్ము. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి. అమెరికా చార్టులో బీఎమ్‌ఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 25 లోపు ఉంటే సరేనంటారు. మనకి 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్క, ఎందుకంటే అదే బరువుకి మన పొట్టలో కొవ్వు ఎక్కువ.

తిండి గురించి ఇంత చెప్పాను గానీ, ఆ నెలలో బరువులు మానేస్తేనే నాకు ఎక్కువ బాధ. తిండి కోసినప్పుడు ఒళ్లు కొవ్వుతోపాటు కండనీ ఖర్చు చేస్తుంది. కండ నిలబడాలంటే దానికి బరువైన పని పెడుతూనే ఉండాలి. కష్టపడి నిలుపుకున్నదాన్ని సెలవులో వదులుకోకు. వారానికి రెండు రోజులు చాలు. స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, డెడ్‌లిఫ్ట్, భుజాల ప్రెస్. సెట్లు (ఒక్కో వ్యాయామం చేసే విడతలు) సగానికి తగ్గించుకో, బార్ మీద బరువు మాత్రం తగ్గించకు. జెట్‌లాగ్‌తో ఎలాగూ మూడింటికే మెలకువ వస్తుంది, జిమ్ తెరిచేసరికి నువ్వే మొదటివాడివి. చేరేటప్పుడు ఒక్క నెలకే కట్టు, ఏడాది ప్యాకేజీ ఎంత చవకని చెప్పినా వద్దు.

అక్కడి ప్లేట్లు కిలోల్లో ఉంటాయి. నీ 45 పౌండ్ల ప్లేటు 20.4 కిలోలు, 135 పౌండ్ల స్క్వాట్ 61 కిలోలు. వీధి జిమ్ములో బార్ 20 కిలోలే ఉంటుందని అనుకోకు, అడుగు. "సన్నబడాలంటే తేలిక బరువు, ముప్ఫై రెప్స్ (ఆగకుండా ముప్ఫైసార్లు)" అని ట్రైనర్ చెప్తే వినయంగా తలూపి నీ పని నువ్వు చేసుకో. అక్కడ తెలియని డబ్బాలు కొనకుండా నీ వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి) సీలు తీయనిది చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టుకో. చేతి సంచిలో 350 మిల్లీలీటర్లు దాటిన పొడి ఉంటే అమెరికా భద్రతా తనిఖీలో తెరిపించవచ్చు.

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు బ్రాడీపేట. పెళ్లయి న్యూజెర్సీ వచ్చాను. గుడ్డు కూడా తినను. 62 కిలోలు. బరువులెత్తితే మగవాళ్లలా కండలొస్తాయని అత్తయ్యగారు భయపెడుతున్నారు.

జవాబు: సిక్కోలు ఆడపడుచు, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. అంతటి బరువు ఏళ్ల తరబడి సాధన చేస్తేనే వస్తుంది. నువ్వెత్తే డంబెల్స్‌కి మగవాళ్లలా కండలు పొరపాటున కూడా రావు తల్లీ. ఈ మాట అత్తయ్యగారితో మీ ఆయన చేత చెప్పించు.

నీకు రోజుకి 100 గ్రాముల ప్రోటీన్ కావాలి. శాకాహారికి కష్టమే గానీ కుదురుతుంది. 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 26 గ్రాములు, 200 గ్రాముల కొవ్వు లేని గ్రీక్ యోగర్ట్‌లో 20 గ్రాములు. పెరుగన్నం ఆ యోగర్ట్‌తోనే కలుపుకో, తాలింపు పెడితే తేడా కూడా తెలియదు. వే ప్రోటీన్ ఒక స్కూపు 24. మిగిలింది పప్పు, పాలు, శనగలు పూరిస్తాయి. పన్నీరుని మాత్రం ప్రోటీన్ అని పిలవకు, దాన్లో కొవ్వు ప్రోటీన్‌కి తీసిపోదు. వేరుశనగపప్పులోనైతే కొవ్వు దాదాపు రెండింతలు. నెలసరికి ముందు నీళ్లు చేరి బరువు పెరుగుతుంది, కాబట్టి ఈ వారాన్ని గత నెల ఇదే వారంతో పోల్చుకో. గుడ్డు కూడా తినవు కాబట్టి విటమిన్ బి12 పరీక్ష చేయించుకో.

ప్రశ్న: ఇంకో మాట అక్కా. నన్ను చూసి గుంటూరులో నాన్నగారు కూడా మొదలెడతానంటున్నారు. ఆయనకి వే ప్రోటీన్ డబ్బా పంపాలనుకుంటున్నా. 61 ఏళ్లు, షుగర్ మాత్రలు వాడతారు.

జవాబు: సంతోషం. ముందు ఆయన వేసుకునే మాత్రల పేర్లు కనుక్కో. గ్లిమిపిరైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ అన్నం తగ్గించి వ్యాయామం పెంచితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. డాక్టరుగారు డోసు సరిచేశాకే తిండి మార్చాలి. కిడ్నీ పరీక్ష కూడా చేయిస్తే ప్రోటీన్ ఎంత పెంచొచ్చో తెలుస్తుంది. వ్యాయామానికైతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, రబ్బరు బ్యాండు లాగడం చాలు. ఎన్టీఆర్ స్టేడియంలో నడకకి ఎలాగూ వెళ్తారుగా, అది అయ్యాక చేయమను. నువ్వు పంపాలనుకుంటున్న వే డబ్బా మాత్రం ఆ కిడ్నీ రిపోర్టు వచ్చాక పంపు.