గుండ్రంగా తిరగడంలో ఏముందో మా మామని అడగాలి

నాస్కార్ అంటే అమెరికాలో ఎక్కువగా గుండ్రటి ట్రాకుల మీద జరిగే కార్ల రేసులు; వాటి కంప్యూటర్ గేముల్లో గంటల తరబడి ఎడమకి తిప్పడమేగా, అందులో ఏం మజా, అసలు రేసుకి అవి ఏమైనా దగ్గరగా ఉంటాయా అని అడిగారు. ఉంటాయి, గేమ్ సరైనదైతే. ట్రాక్ పక్కన గడ్డిపరక కూడా కనపడేలా బొమ్మలు గీసి, టైరు మాత్రం అరగకుండా వదిలేసినవాటిని నేను లెక్కలోకి తీసుకోను.

నాకీ జ్ఞానం మా మేనమామ వల్ల వచ్చింది. ఆయన చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లు లారీలో చెన్నై హార్బరుకి తోలేవాడు. 2006 ఎండాకాలం, ఒంగోల్లో మా ఇంట్లో అసెంబుల్డ్ కంప్యూటరు, ఒక బటన్ పనిచేయని జాయ్‌స్టిక్, ఫ్రెండ్ దగ్గర తెచ్చిన నాస్కార్ రేసింగ్ 2003 సీజన్ సీడీ. పాపిరస్ అనే కంపెనీ చేసిన ఆఖరి గేమ్ అది. అందులో రేసు పొడవు తగ్గించుకోవచ్చు, అందరూ తగ్గించుకునే ఆడతారు, నేను మాత్రం ఆరోజు పొగరుకొద్దీ నాస్కార్‌లో అన్నిటికంటే పేరున్న రేసు డేటోనా 500 పూర్తిగా ఆడదామని కూర్చున్నా. రెండున్నర మైళ్ల ట్రాకు, 200 చుట్లు, అంటే 800 కిలోమీటర్లు. మన లెక్కలో ఒంగోలు నుంచి చెన్నై పోయొచ్చి మళ్లీ నాయుడుపేట దాకా పోయినంత. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీలు వాలి ఉంటుంది. మా సిస్టం 43 కార్లు మోయలేక నత్తలా నడుస్తుంటే 20కి తగ్గించా.

ముప్పయ్యో చుట్టులో మామ టీ గ్లాసుతో వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"ఏందిరా ఇది, గానుగెద్దు తిరిగినట్టు?"

నేను మాట్లాడలేదు. కాసేపు చూశాడు.

"వాడి ఎనకమాలే పోతుండావేంది? దాటరాదా?"

అప్పుడు చెప్పా. ముందు కారు గాలిని చీలుస్తూ పోతుంది, దాని చాటున ఉంటే మన ఇంజనుకి పని తగ్గుతుంది, తొందరపడి ఒక్కడినే పక్కకి తీస్తే గాలి ఎదురు కొట్టి నలుగురైదుగురి వెనక్కి పోతాను, మన వెనకాల ఇంకొకడు తోడు వస్తేనే తీయాలి అని. సగంలోనే ఆపేశాడు. "లారీ ఎనకాల మోపెడ్ వాడు దూరినట్టు. మాకు తెలీదా?" అన్నాడు.

ఆ తర్వాత అడిగింది చూడండి. "టైర్లెట్టా ఉండాయి?" టైర్ల వేడి చూపించే స్క్రీన్ తెరిచా. కుడి ముందు టైరు మిగతావాటికంటే బాగా కాలిపోతోంది. ఎందుకో నేను చెప్పబోయేలోపే, "ఎప్పుడూ ఎడమకే తిప్పితే బరువంతా కుడిపక్క పడదా? ముందు పొయ్యేది అదే" అన్నాడు. ఇంకాసేపటికి, పెట్రోలు ఎంత ఉందన్నాడు. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ కారు నడక మారుతోందని నాకూ తెలుస్తోంది గానీ మాటల్లో పెట్టలేకపోయా. ఆయన ఒక్క ముక్కలో తేల్చాడు: "రాయి దించినాక లారీ వేరే బండిరా."

కంప్యూటరు ముట్టుకోని మనిషికి ఆ గేమ్ అర్థమైందంటే దానికంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

171వ చుట్టులో కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కుయ్యిమని ఆగిపోయింది, దాని బ్యాటరీ ఏనాడో చచ్చింది, మార్పించమంటే నాన్న వినలేదు. రెండు గంటల పైన చెమటలు కక్కుతూ తోలినదంతా గాలికి పోయింది. మామ పేపరుతో విసురుకుంటూ "ఎన్నో స్థానం?" అన్నాడు. ఆరో స్థానం అన్నా. "ఇందాక ఆగకుండా ఉంటే నాలుగులో ఉండేవోడివి" అన్నాడు. టైర్లు మార్చడానికి ఆగమని చెప్పింది ఆయనే. మండిపోయింది నాకు.

ఇప్పుడు అదే పాపిరస్ పెట్టినవాళ్లలో ఒకరైన డేవ్ కెమ్మర్ చేతి మీద నడిచింది ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ రేసింగ్ గేమ్, 2008లో వచ్చింది. ట్రాకుల్ని లేజర్‌తో కొలిచి గతుకులతో సహా దించేస్తారు. బాగుంటుంది, కాదనను, కానీ నెలనెలా చందా కట్టాలి, పైగా చాలా ట్రాకులు, కార్లు విడిగా కొనాలి. డబ్బులు పోసి కొన్నది నాదా, అద్దెకిచ్చారా? ఆనాటి సీడీకి ఈ బాధ లేదు.

రియలిజం మీద ఇంకా అనుమానం ఉంటే నాస్కార్ డ్రైవర్ విలియం బైరన్‌ని చూడండి. కుర్రతనంలో ఇంట్లో ఐరేసింగ్ ఆడి నేర్చుకుని, తర్వాత నిజం కారెక్కి, 2024లో, 2025లో వరసగా డేటోనా 500 కొట్టాడు. దానికి తిరకాసు కేసు ఇంకో డ్రైవర్ రాస్ చాస్టెయిన్‌ది. 2022 అక్టోబరు 30న మార్టిన్స్‌విల్ ట్రాకులో ఆఖరి చుట్టు, ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కి రెండు స్థానాలు తక్కువ. కారుని బయటి గోడకి ఆనించి, యాక్సిలరేటర్ తీయకుండా మలుపంతా రుద్దుకుంటూ పోయి ఐదుగురిని దాటేశాడు. చిన్నప్పుడు వీడియోగేమ్‌లో చేసిన పనే అని తనే చెప్పాడు. మేమంతా గేముల్లో చేసే దొంగపనే అది, నిజంగా పనిచేస్తుందని ఎవడూ అనుకోలేదు. మరుసటి ఏడు నాస్కార్ వాళ్లు దాన్ని కుదరదన్నారు.

ఆ వీడియో మామకి చూపించా. ఇప్పుడు లారీ మానేసి కందుకూరులో ఉంటున్నాడు. రెండుసార్లు వేయించుకుని చూశాడు. దాటిన ఐదుగురి గురించి ఒక్క మాటన్నా అడగలేదు.

"అట్టా రుద్దితే బాడీ ఏం కావాల? ఓనరు ఊరుకున్నాడా?"