మావ్స్ కబుర్లలో నోరు విప్పేదెలా?

సందేహం: నమస్తే అక్కా. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో దిగి ఏడాది కావస్తోంది. మా ఆఫీసులో పొద్దున్నే కాఫీ మిషన్ దగ్గర చేరితే చాలు, అందరూ మావ్స్ గురించే, అదే, ఇక్కడి బాస్కెట్‌బాల్ టీము డల్లాస్ మావెరిక్స్. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. యూట్యూబ్ చూసి రూల్స్ నేర్చుకున్నాను గానీ, వాళ్లు మాట్లాడేది నిన్నటి మ్యాచ్ గురించి కాదు, ఎప్పటివో పాత సంగతులు. మొన్న ఊరుకోలేక "నేను లేకర్స్ ఫ్యాన్‌ని" అనేశాను. ఒక్కరూ మాట్లాడలేదు. తప్పేమన్నా అన్నానా? అసలు ఈ గోలంతా మనకి అవసరమా?

జవాబు: తమ్ముడూ, డల్లాస్‌లో, అదీ 2025 తర్వాత, ఎవరి పేరైనా ఎత్తొచ్చు గానీ లాస్ ఏంజెలెస్ టీము లేకర్స్ పేరెత్తకూడదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు. కథ అంతకు నలభై ఏళ్ల ముందు మొదలవుతుంది.

అవసరమా అంటే, ఉద్యోగానికైతే అక్కర్లేదు. నాలుగు స్కోర్లు బట్టీపట్టి మేనేజర్‌ని మెప్పిద్దామనుకుంటే అంతకన్నా దండగ పని లేదు, ఇట్టే దొరికిపోతావు. రూల్స్‌తోనూ పెద్ద పని లేదు. ఎల్‌బీడబ్ల్యూ అర్థమైనవాడికి బాస్కెట్‌బాల్ ఒక సాయంత్రం పని. ఈ ఊళ్లో నాలుగు కాలాలపాటు ఉండాలనుకుంటే మాత్రం, ఇక్కడివాళ్లు ఏ ఓటములని మర్చిపోలేదో తెలుసుకో. గెలిచిన కప్పు ఒక్కటే, దాని సంగతి ఎవరైనా చెప్తారు. ఓడిన కథలు పాత ఫ్యాన్ల దగ్గరే ఉంటాయి. అడిగావంటే కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టి చెప్తారు.

నాకు ఇవన్నీ నూరిపోసింది నా మొదటి ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒక పెద్దావిడ. వైటూకే హడావిడిలో వచ్చిన బ్యాచ్ మాది. ఆవిడ సొరుగు తీస్తే స్టేప్లర్ పక్కన పాత టికెట్ ముక్కల కట్ట, రబ్బరుబ్యాండు వేసి ఉండేది. 1980లో టీము పెట్టినప్పటి నుంచీ రీయూనియన్ అరీనాకి వెళ్లిన మనిషి. (ఆ బిల్డింగు ఇప్పుడు లేదు, కూల్చేశారు.) 1984లో టీము మొట్టమొదటిసారి ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే నాకౌట్ రౌండ్లకి, వెళ్లింది. సియాటిల్‌తో తేల్చుకోవాల్సిన ఐదో మ్యాచ్ వచ్చేసరికి సొంత హాలే లేదు, టెన్నిస్ టోర్నమెంటుకి ఇచ్చేశారు! వీళ్లు అంతదూరం వస్తారని ఎవరనుకున్నారు? చివరికి ఎస్ఎంయూ యూనివర్సిటీ వాళ్ల మూడీ కొలీజియంలో ఆడారు. స్కోరు సమానమై ఓవర్‌టైమ్‌కి (అదనపు టైమ్‌కి) పోయి, ఒక్క పాయింటుతో, 105-104తో గెలిచారు. ఆ హాల్లో ఉక్కపోతకి చొక్కాలు పిండుకున్నామని ఆవిడ చెప్పేది.

ఆ తర్వాతి రౌండు లేకర్స్‌తో. నాలుగో మ్యాచ్, డల్లాస్‌లోనే, చివరి సెకన్లు. బంతి డెరెక్ హార్పర్ చేతిలో ఉంది, కుర్రాడు, అది అతనికి మొదటి సీజన్. స్కోరు సమానంగా ఉంది. అతనేమో మనమే ఒక పాయింటు ముందున్నామనుకుని, షాట్ వేయకుండా బంతిని నేలకి కొట్టుకుంటూ టైమ్ కాస్తా అవగొట్టేశాడు. ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆవిడ టేపు చుట్టని బంతిలా పట్టుకుని, లంచ్ టేబుల్ పక్కన నిలబడి, హార్పర్ ఎలా కొట్టుకుంటూ నిలబడ్డాడో చేసి చూపించేది. చూపించాక కూడా "షూట్ ఇట్, డెరెక్!" అని అరిచేది. మేమంతా కడుపుబ్బా నవ్వేవాళ్లం. ఆవిడ నవ్వేది కాదు. అలాగని హార్పర్ మీద కోపమనుకునేవు, ఇసుమంత కూడా లేదు. 2018లో అతని 12వ నంబరు జెర్సీని గౌరవంగా హాలు పైకప్పుకి ఎత్తారు. ఊరు అతన్ని ఎప్పుడో క్షమించేసింది, ఆ బంతిని మాత్రం క్షమించలేదు.

తొంభైల గురించి ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే నువ్వూ నవ్వు. 1992-93లో 82 మ్యాచులాడి 11 గెలిచారు. ఆ మరుసటి ఏడు 13. 1990 తర్వాత 2001 దాకా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ఆ రోజుల్లో డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని వెళ్లినవాళ్లు మీ ఆఫీసులో ఒక్కరున్నా, ముందు వాళ్లతో స్నేహం చెయ్యి. మిగతావాళ్లంతా తర్వాత వచ్చి చేరినవాళ్లే, నాతో సహా.

డర్క్ నొవిట్స్కీ దగ్గర మాత్రం నిదానంగా ఆగాలి. 1998 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకునే రోజు అది) మిల్వాకీ తొమ్మిదో పేరుగా పిలిచి, ఆ రోజే డల్లాస్‌కి ఇచ్చేసింది. జర్మనీలో వుర్జ్‌బర్గ్ అనే ఊరు, ఇరవై ఏళ్లు, ఏడడుగుల పొడుగు. మొదటి సీజన్లో సగటున మ్యాచ్‌కి ఎనిమిది పాయింట్లు దాటితే గొప్ప. వీణ్ణి ఎందుకు తెచ్చారని ఊరంతా ఈసడించింది. ఇంటి మీద బెంగతో వెనక్కి వెళ్లిపోదామా అనుకున్నానని అతనే చెప్పుకున్నాడు. గెస్ట్‌హౌస్‌లో నలుగురితో కలిసి పడుకుని రిటర్న్ టికెట్ తేదీ చూసుకుంటూ గడిపిన మాకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. వెళ్లలేదు, ఉండిపోయాడు. ఒకే టీముకి 21 సీజన్లు ఆడాడు, ఎన్‌బీఏ లీగు మొత్తంలో ఇంకెవరూ ఆడలేదు. 2000 జనవరిలో మార్క్ క్యూబన్ టీముని కొన్నాక రోజులు మారాయి. టీషర్టు వేసుకుని కోర్టు పక్కనే కూర్చుని, రెఫరీల మీద అరిచి జరిమానాలు కట్టే ఓనరు!

2006 ఫైనల్స్ గురించి అడిగేటప్పుడు టైమ్ చూసుకుని అడుగు, మీటింగుకి పది నిమిషాల ముందు అడిగితే మీటింగు పోతుంది. మయామీ మీద మొదటి రెండూ గెలిచారు. మూడో మ్యాచ్‌లో, చివరి క్వార్టర్లో 13 పాయింట్ల ఆధిక్యం. ఊరేగింపు ఏ వీధిలో అన్న మాటలు కూడా మొదలైపోయాయి. ఆ మ్యాచ్ పోయింది, తర్వాతి మూడూ పోయాయి. ఐదో మ్యాచ్‌లో మయామీ ఆటగాడు డ్వేన్ వేడ్ ఒక్కడికే 25 ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే రెఫరీ ఇచ్చే షాట్లు), డల్లాస్ టీము మొత్తానికీ కలిపి 25. పాత ఫ్యాన్లకి ఈ లెక్క నోటికొచ్చు. రెఫరీలది తప్పా కాదా అని నువ్వు వాదన పెట్టుకోకు. నన్నడిగితే మూడో మ్యాచ్ చేతులారా పోగొట్టుకున్నారు, కానీ ఆ మాట నేనూ బయట అనను.

2007 మనవాళ్లకి రెండు దెబ్బల సంవత్సరం. మార్చిలో వెస్టిండీస్‌లో మన క్రికెట్ టీము బంగ్లాదేశ్ చేతిలో, శ్రీలంక చేతిలో ఓడి వరల్డ్ కప్ మొదటి దశలోనే ఇంటికొచ్చేసింది. పోన్లే మావ్స్ ఉన్నారనుకున్నాం. 67 మ్యాచులు గెలిచి లీగులో టాప్. మొదటి రౌండులో ఎనిమిదో స్థానంలో ఉన్న గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడిపోయారు. డర్క్‌కి అప్పటికే ఆ ఏడాది ఎంవీపీ, అంటే లీగులో ఉత్తమ ఆటగాడి బిరుదు, ఖాయమైపోయింది. ఇంటికెళ్లిపోయాక వచ్చి ఆ ట్రోఫీ అందుకోవాల్సి వచ్చింది పాపం.

ఇవన్నీ తెలిశాకే 2011 దగ్గరికి రా. ఏప్రిల్ 2న ధోనీ సిక్సర్‌తో వరల్డ్ కప్. పది వారాలు తిరిగేసరికి, జూన్ 12న, మావ్స్‌కి కప్పు. ఎదురుగా మళ్లీ అదే మయామీ, ఈసారి వేడ్‌తోపాటు లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్ అనే ఇద్దరు స్టార్లు. రెండో మ్యాచ్‌లో చివరి ఏడు నిమిషాలుండగా 15 పాయింట్లు వెనక. వేడ్ సరిగ్గా మన బెంచీ ముందు మూడు పాయింట్ల షాట్ వేసి, చెయ్యి పైకెత్తి అలాగే నిలబడ్డాడు. ఆ పోజు చూసి మన జేసన్ టెర్రీకి మండింది. అక్కణ్ణుంచి ఎక్కుతూ ఎక్కుతూ వచ్చి, చివర్లో డర్క్ ఎడమచేత్తో వేసిన బుట్టతో 95-93. ఆ ఎడమచేతి మధ్యవేలి నరం అప్పటికే తెగి ఉంది, కట్టు కట్టుకుని ఆడుతున్నాడు. నాలుగో మ్యాచ్ జ్వరంతో ఆడాడు. ఆరో మ్యాచ్ మొదటి సగంలో 12 షాట్లకి ఒక్కటే పడింది, అయినా టెర్రీ నిలబెట్టాడు. టెర్రీ సంగతి తెలుసా? సీజన్ మొదలుకాకముందే ట్రోఫీ బొమ్మ చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. కప్పు ఖాయమవగానే డర్క్ ఎవరికీ కనబడకుండా స్కోరర్ల బల్ల దాటుకుని లాకర్ రూమ్‌కి పరుగెత్తాడు, ఏడుపు దాచుకోవడానికి.

జూన్ 16, గురువారం, ఊరేగింపు. నడినెత్తిన డల్లాస్ ఎండ. మా మేనేజర్ ఆ పొద్దున మీటింగులన్నీ తీసేసి, ఎక్కడికెళ్తున్నారని ఎవర్నీ అడగలేదు. అరీనా బాల్కనీలో మైకు చేతికిస్తే డర్క్ పాటందుకున్నాడు. అంత అపశ్రుతి నేను మా అపార్ట్‌మెంటు గణపతి పందిట్లో కూడా వినలేదు, జనం మాత్రం ఊగిపోయారు. అప్పటికి మా పెద్దావిడ రిటైరైంది. ఫోన్ చేశాను. కప్పు గురించి రెండు ముక్కలు మాట్లాడి, మళ్లీ హార్పర్ బంతి దగ్గరికే వెళ్లింది.

ఇక లేకర్స్ సంగతి. 2018లో స్లొవేనియా కుర్రాడు లూకా డాన్చిచ్ వచ్చాడు, 19 ఏళ్లు. డర్క్ చివరి సీజన్, లూకా మొదటి సీజన్ ఒకటే. 2019 ఏప్రిల్ 9న సొంతూళ్లో చివరి మ్యాచ్‌లో డర్క్ 30 పాయింట్లు కొట్టి వీడ్కోలు చెప్తుంటే, ఇంకో ఇరవై ఏళ్లకి బెంగ లేదనుకున్నాం. 2024లో లూకా ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు, బోస్టన్ చేతిలో ఓడాం. ఆ ఫైనల్స్ మొదటి మ్యాచ్ జూన్ 6న. అదే రోజు గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా క్రికెట్ టీము సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించింది. పగలు క్రికెట్, రాత్రి బాస్కెట్‌బాల్, ఆ రోజు మన ఇళ్లల్లో టీవీకి విశ్రాంతి లేదు.

2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి పదకొండు దాటాక వార్త. లూకాని లేకర్స్‌కి ఇచ్చేశారు, బదులుగా ఆంథోనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, ఒక డ్రాఫ్ట్ పిక్. వార్త పెట్టిన విలేకరి అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారనుకున్నారు చాలామంది. సోమవారం నుంచి వేరే ఊళ్లో వేరే క్లయింటు అని రాత్రికి రాత్రి మెయిల్ వస్తే ఎలా ఉంటుందో మన కన్సల్టెంట్లకి తెలుసు, లూకాకీ అలాగే తెలిసింది. మర్నాడు అరీనా ముందున్న డర్క్ విగ్రహం దగ్గర జనం పూలు పెట్టారు, ఒక శవపేటిక కూడా తెచ్చారు. ఆ సీజనంతా జనరల్ మేనేజర్ నీకో హారిసన్‌ని తీసేయమని హాల్లో కేకలు. 2025 నవంబర్లో తీసేశారు. అంతకుముందే, 2025 ఏప్రిల్ 9న, లేకర్స్ చొక్కాలో లూకా డల్లాస్ వచ్చాడు. అతని కోసం చేసిన వీడియో వేస్తుంటే బెంచీ మీద కూర్చుని ఏడ్చి, తర్వాత లేచి 45 పాయింట్లు కొట్టాడు. ఓడిపోయామని హాల్లో ఎవరికీ బాధ లేదు. తర్వాత, డ్రాఫ్ట్‌లో ఎవరి వంతు ముందో తేల్చే లాటరీలో 1.8 శాతం అవకాశంతో మొదటి పిక్ తగిలి, కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు వచ్చాడు. అయినా ఈ గాయం మానడానికి టైమ్ పడుతుంది. ఇలాంటి ఊళ్లో నువ్వెళ్లి లేకర్స్ ఫ్యాన్‌నన్నావు!

రేపు వెళ్లి, "లేకర్స్‌లో కోబీ బ్రయంట్ ఆడే రోజుల్లో ఇండియాలో టీవీలో చూసి అలవాటైంది, ఇక్కడి సంగతి తెలీదు, 2006లో ఏమైందో చెప్పరూ" అను. క్షమాపణలేం అక్కర్లేదు. "వ్యాపారమన్నాక తప్పదు కదా" అని మాత్రం అనకు, లూకా విషయంలో ఆ మాట పనికిరాదు.

చూడటానికి డబ్బు పోయనక్కర్లేదు. 2024 నుంచి చాలా మ్యాచులు కేఎఫ్ఏఏ, 29వ ఛానెల్లో ఉచితంగా వస్తున్నాయి, కిటికీకి తగిలించే యాంటెన్నా చాలు. పిల్లలున్న స్నేహితులుంటే వాళ్లతో కలిసి ముందు ఫ్రిస్కోలో టెక్సాస్ లెజెండ్స్ మ్యాచ్‌కి వెళ్లు. మావ్స్‌కి అనుబంధంగా ఉండే చిన్న లీగు టీము, కొమెరికా సెంటర్లో ఆడతారు, టికెట్ చవక, ఆటగాళ్లు చేతికందేంత దగ్గర. 2015లో మావ్స్ 52వ పిక్‌గా తీసుకున్న పంజాబీ కుర్రాడు సత్నామ్ సింగ్ అక్కడే ఆడాడు. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పేరు పిలిపించుకున్న మొదటివాడు. మావ్స్ తరఫున ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే అయిపోయింది, అయినా లెజెండ్స్ మ్యాచులకి మనవాళ్లు కుటుంబాలతో వెళ్లి కూర్చునేవారు.

పెద్ద అరీనాకి వెళ్లాలంటే వారం మధ్యలో, పేరులేని టీము వచ్చినప్పుడు, పై అంతస్తు టికెట్ తీసుకో. పాత ఫ్యాన్లు అక్కడే ఎక్కువ, కింద కూర్చునేవాళ్లలో సగంమంది ఫోన్లు చూసుకుంటుంటారు. నాచోస్ తీసుకుంటే చిల్లీ వద్దని ముందే చెప్పు, బీఫ్ ఉంటుంది. కారు తీసుకెళ్లకు, పార్కింగ్‌కి టికెట్ అంత అవుతుంది. ఇర్వింగ్‌లో ఆరెంజ్ లైన్ రైలు ఎక్కితే విక్టరీ స్టేషన్లో అరీనా గుమ్మం దగ్గరే దిగుతావు. ఓవర్‌టైమ్ వస్తే ఆలస్యమవుతుంది, తిరుగు రైలు ఎన్నింటికో లోపలికి వెళ్లేముందే చూసి పెట్టుకో.