‘ఇన్‌స్టాల్ చేయబడును’ అంటే చేసేదెవరు?

సందేహం: మా కంపెనీలో నేను నెట్‌వర్క్ అడ్మిన్‌ని. ఉద్యోగుల కంప్యూటర్లు ఖాళీగా ఉన్న వేళల్లో బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, సైన్సు పరిశోధనల కోసం జనం కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని వాడుకునే వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ అనే ప్రాజెక్టుకు లెక్కలు చేసిపెట్టాలని మేనేజ్‌మెంట్ నిర్ణయించింది. అందరికీ అర్థమయ్యేలా తెలుగులో నోటీసు రాయమన్నారు. ‘మీ కంప్యూటర్లలో బోయింక్ ఇన్‌స్టాల్ చేయబడును’ అని రాశాను. ‘ఇన్‌స్టాల్ అవుతుంది అంటే చాలు’ అని ఒకరు, ‘ఇన్‌స్టాల్ చేయించుకోవలెను అని ఉండాలి’ అని ఇంకొకరు అంటున్నారు. ఏది ఒప్పు? ఇలా ఒక పెద్ద లెక్కను చాలా కంప్యూటర్లకు పంచి చేయించే డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్‌ను ‘వికేంద్రీకృత గణన’ అనవచ్చా? నేను చేసే అడ్మినిస్ట్రేషన్‌ను ‘పరిపాలన’ అనాలా?

సమాధానం: వ్యాకరణం వరకు చూస్తే మూడింటిలో ఏదీ తప్పు కాదు. కానీ మూడూ ఒకే సంగతి చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ‘చేయబడును’ సంగతి. ‘ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును’ అనే బోర్డుల భాష ఇది. బోర్డు కింద కొట్టువాడు కూర్చుని ఉంటాడు కాబట్టి ఎవరిస్తారన్న అనుమానం ఎవరికీ రాదు. మీ నోటీసుకు ఆ వెసులుబాటు లేదు. చదివినవాడికి పుట్టే మొదటి ప్రశ్నే ‘ఎవరు చేస్తారు, నేనా వాళ్లా?’ అని. చేసేవాడు తెలియనప్పుడు కూడా తెలుగుకు ‘బడు’తో పెద్దగా పని పడదు. ‘పర్సు కొట్టేశారు’ అంటాం కానీ ‘పర్సు కొట్టివేయబడింది’ అనం కదా. కనబడు, పట్టుబడు, కష్టపడు లాంటివి వేరే జాతి. వాటిని చూపించి ‘చేయబడును’ను వెనకేసుకు రావడం కుదరదు.

‘అవు’, ‘చేయు’ల తేడా తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిందే. మన సొంత క్రియల్లో ఆ తేడా మాటలోనే ఇమిడి ఉంటుంది: ఆగు-ఆపు, నడుచు-నడుపు, తిరుగు-తిప్పు. ప్రతి జతలో మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు చేసేది. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటకు ఇలా రూపం మార్చుకునే వీలు లేదు. అందుకే ‘ఇన్‌స్టాల్’ పక్కన ‘అవు’ పెడితే అకర్మకం, ‘చేయు’ పెడితే సకర్మకం, ‘చేయించు’ పెడితే ప్రేరణార్థకం.

ఇక మీ బోయింక్‌నే తీసుకోండి. ఉద్యోగి మౌసు కదిపితే లెక్క ఆపేలా అందులో సెట్టింగ్ ఉంది. అది పెట్టారనుకోండి, అక్కడ ‘లెక్క ఆగుతుంది’ అనాలి. మీరు మీ సీట్లో కూర్చునే, 31416 పోర్టు (నెట్‌వర్క్‌లో బోయింక్‌కు కేటాయించిన ద్వారం నంబరు) ద్వారా ఆ కంప్యూటర్‌ను అందుకుని నిలిపేస్తే ‘ఆపుతాం’ అనాలి. (‘పై’ విలువ 3.1416 గుర్తొచ్చేలా ఉన్న ఆ నంబరు పెట్టినవారి సరదా నాకు నచ్చింది.) కరెంటు పోతే ‘ఆగిపోతుంది’. ఒక్క ధాతువే, మూడు సందర్భాలు. వీటన్నిటికీ కలిపి ‘నిలిపివేయబడును’ అని రాస్తే, రేపు లెక్క ఆగినప్పుడు అది సెట్టింగ్ వల్లా, మీ వల్లా, కరెంటు వల్లా అని ప్రతివాడూ మీకు ఫోన్ చేసి అడుగుతాడు.

‘ఇన్‌స్టాల్ అవుతుంది’ అన్నవారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. గ్రూప్ పాలసీతో (విండోస్ కంప్యూటర్లన్నిటినీ ఒక్కచోటి నుంచి అదుపు చేసే ఏర్పాటు) మీరు అన్ని కంప్యూటర్లలోకీ ఒకేసారి పంపిస్తే, ఉద్యోగి కంటికి అది దానంతట అదే వచ్చినట్టే ఉంటుంది. స్క్రీన్ మీద గీత నిండుతున్నప్పుడు ‘ఇన్‌స్టాల్ అవుతోంది, ఆపకండి’ అనడం సహజం. నోటీసులో మాత్రం అది జారుడు మాట. బాధ్యత ఎవరిదో చెప్పాల్సిన చోట ‘అవుతుంది’ అనడం తప్పించుకోవడమే.

రెండో మిత్రుడి ‘చేయించుకోవలెను’లో రెండు సంగతులున్నాయి. ‘ఇంచు’ వల్ల పని వేరొకరితో జరుగుతుంది, ‘కొను’ వల్ల చొరవ తీసుకోవాల్సిన వంతు ఉద్యోగిది అవుతుంది. అంటే తనే ఐటీ విభాగానికి వచ్చి అడగాలన్నమాట. మీ ఏర్పాటు అదే అయితే ఆ మాట అక్షరాలా సరిపోతుంది, ‘చేయించుకోండి’ అని ఇప్పటి రూపంలో రాయండి చాలు. ‘చేసుకోండి’ అని మాత్రం రాయకండి. బోయింక్‌ను సొంత కంప్యూటర్లలోనో, సొంతదారు అనుమతి ఉన్నచోటో మాత్రమే పెట్టాలని దాన్ని తయారుచేసిన అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారే చెబుతారు. ఆఫీసు కంప్యూటర్లకు సొంతదారు కంపెనీ, ఉద్యోగి కాదు. ‘చేసుకోండి’ అంటే ఇంటి ల్యాప్‌టాప్ మీద ఉన్నంత హక్కు ఆఫీసు కంప్యూటర్ మీదా ఉన్నట్టు వినిపిస్తుంది.

‘వికేంద్రీకృత గణన’ ఇక్కడ పనికిరాదు. వికేంద్రీకరణ అంటే కేంద్రం చేతిలోని అధికారం చెదరాలి. బోయింక్‌లో కేంద్రం చెక్కుచెదరదు. సర్వర్ పనిని ముక్కలు చేసి పంచుతుంది, గడువు పెడుతుంది, జవాబులు వెనక్కి తెప్పించుకుంటుంది. కొన్ని ప్రాజెక్టుల్లో ఒకే ముక్కను ఇద్దరికి ఇచ్చి సరిచూస్తుంది కూడా. పంచేది పని, పెత్తనం కాదు. కొందరు ‘వితరణ గణన’ అంటున్నారు. హిందీలో వితరణ్ అంటే పంపిణీ, సరే. తెలుగులో వితరణ అనగానే దానధర్మాలే తడతాయి. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌కు ఖాళీ సమయం ఊరికే ఇస్తున్నారు కాబట్టి మీ విషయంలో అది కాకతాళీయంగా అతికింది! బ్యాంకు సర్వర్ల దగ్గర అతకదు. నోటీసుకు పారిభాషిక పదమే అక్కర్లేదు, ‘పనిని పంచి చేయించడం’ అంటే అందరికీ తెలుస్తుంది.

అడ్మినిస్ట్రేషన్‌కు ‘నిర్వహణ’ చాలు. ‘పరిపాలన’ కలెక్టర్లకు వదిలేద్దాం.

నేనైతే ఇలా రాస్తాను: ‘మీరు వాడే కంప్యూటర్లలో కంపెనీ అనుమతితో ఐటీ విభాగం బోయింక్‌ను ఇన్‌స్టాల్ చేస్తుంది. మీరు ఏమీ చేయనక్కర్లేదు. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ దానితో లెక్కలు చేయిస్తుంది. మీరు పని మొదలుపెట్టగానే లెక్క ఆగుతుంది. ఆగకపోతే మాకు చెప్పండి, మేం ఆపుతాం.’

చివరి వాక్యంలో ‘ఆపబడును’ అని దిద్దేవారు మీ ఆఫీసులో ఒకరైనా ఉంటారు. ఒప్పుకోకండి.